బొట్టుపురుగు పిలుపు

మాఘమాసంలో బొట్టుపురుగు కనిపించకూడదు. ఆ సంగతి వన్నూరమ్మకు తన పేరు తెలిసినంత బాగా తెలుసు. ఆరుద్ర కార్తె వాన పడాలి, నేల మెత్తబడాలి, అప్పుడు గానీ అది మట్టి చీల్చుకుని పైకి రాదు. అలాంటిది, ఆ ఉదయం పెరట్లో బండ మీద కాళ్ళు చాపుకుని, పది నెలల సుంకిని కాళ్ళ మీద వేసుకుని నలుగు పెడుతూ ఉంటే, బూడిదరంగు రెక్కల పురుగొకటి వచ్చి పాప బుగ్గ మీద వాలింది.

ఆమె చెయ్యి అక్కడికక్కడే ఆగిపోయింది.

ఏదో మామూలు చిమ్మటేలే అని మనసుకు సర్దిచెప్పబోయింది. మనసు వింటే కదా! మామూలు చిమ్మట దీపం చుట్టూ తిరుగుతుంది, ఎండలో తిరిగేది ఇదొక్కటే. రెక్కల మీద ఎండుగడ్డి చారలు కూడా స్పష్టంగా కనిపిస్తున్నాయి. చూస్తుండగానే రెండోది ఆమె మోచేతి మీద వాలింది. మూడోది మెడ మీద. అన్నీ మగవే. బండ చుట్టూ నేల వైపు చూసింది. అగరుపుల్లతో గుచ్చినట్టు చిన్న చిన్న బొక్కలు, ఒక్కో బొక్కలోంచి ఖాళీ గూడు సగం పైకి పొడుచుకుని ఉంది. మొన్న ఆమె పాలిస్తూ కూర్చున్న వేపచెట్టు మొదట్లోనూ అవే బొక్కలు. గొర్రెల దొడ్డి దగ్గర, ఆమె రోజూ నిలబడే చోటా అవే.

పాపను గబగబా పైట కింద దాచుకుని ఇంట్లోకి పరిగెత్తి తలుపు వేసుకుంది. తలుపు సందులోంచి ఇంకో రెండు దూరాయి.

అసలు ఆ పురుగు బతుకు ఎలాంటిదో చెబితే విన్నవాళ్ళు నమ్మరు. రెండేళ్ళు నేల కింద గడ్డివేళ్ళు కొరుక్కుంటూ పడి ఉంటుంది. చలికాలానికి గూడు కట్టుకుని నిద్రపోతుంది. వాన పడ్డాక రెక్కలతో పైకి వస్తుంది గానీ, వచ్చేసరికి దానికి నోరుండదు. మాటవరసకు కాదు, నిజంగానే ఉండదు. తిండీ నీళ్ళూ లేకుండా మూడు రోజులు, మహా అయితే నాలుగు. ఆ మూడు రోజుల్లో జత దొరికితే దొరికినట్టు, లేకపోతే రెండేళ్ళ కష్టమూ మట్టిపాలు. ఆడది కడుపునిండా గుడ్లతో బరువెక్కి ఎగరలేదు. దుబ్బుల మధ్య ఖాళీ నేల చూసుకుని కూర్చుని, మిట్టమధ్యాహ్నం పైరెక్కలు విప్పి లోపలి పసుపు చూపిస్తుంది. పసుపు మధ్యన ఎర్రటి చుక్క. అందుకే వన్నూరమ్మ ఊరైన ఎర్రకొట్టాలలో గొర్రెలు కాచే కురబోళ్ళు దానికి బొట్టుపురుగు అని పేరు పెట్టారు. బొట్టు చూపిస్తూనే మనిషి ముక్కుకు అందని వాసనొకటి వదులుతుంది. ఆ వాసనకు గాల్లో ఉన్న మగవి రావడమే కాదు, ఇంకా మట్టిలో నిద్రపోతున్న మగవి కూడా లేచి వస్తాయి.

ఈ సంగతి కనిపెట్టింది డాక్టర్ మంగతాయారు. గోదావరి వైపు మనిషి, యాభై దాటిన వయసు, పురుగుల శాస్త్రంలో పెద్ద పేరు. ఐదేళ్ళ కిందట ఊరి పక్క గడ్డినేల తెల్లబీడును చూడటానికి వచ్చి, మూతపడ్డ బడి గదులు రెండు అడిగి తీసుకుని లాబొరేటరీ పెట్టుకుని అక్కడే ఉండిపోయింది. తెల్లబీడు ఒకప్పుడు ఆరు ఊళ్ళ పొలిమేరల దాకా ఉండేది. గడ్డే కదా, ఎవరిక్కావాలి! రెవెన్యూ కాయితాల్లో దాని పేరు బంజరు. బంజరంటే ఎవడి కంటికైనా లోకువే. ఒకడు దున్నేశాడు, ఒకడు రాయి కోసం తవ్వేశాడు. పచ్చదనం పెంచుతామంటూ ఇంకెవరో వచ్చి ఉన్న గడ్డి పీకి మొక్కలు నాటారు. ఎవరూ నాటని సర్కారు కంప మిగతా చోటు చుట్టేసింది. చివరికి సోలార్ పలకలు వచ్చి మిగిలిన బీడును నిట్టనిలువునా రెండు ముక్కలు చేశాయి. పడమటి ముక్కలో మగవి ఎక్కువ, తూర్పు ముక్కలో ఆడవి ఎక్కువ. మధ్యన రెండు మైళ్ళ నల్లద్దాలు, సెగలు కక్కుతూ. దాన్ని దాటి ఏ పురుగు ఎగరగలదు?

మొదటి ఏడాది డాక్టరమ్మ బీడులో యాభై ఎకరాలకు కంచె వేయించి గొర్రెల్ని రానివ్వలేదు. గడ్డి మోకాలెత్తు పెరిగింది. ఆ ఆషాఢంలో కంచె లోపల ఒక్కటంటే ఒక్క పురుగు లేదు. ఆమె తల పట్టుకుని కూర్చుంటే, కంచె అవతల గొర్రెలు తోలుకుపోతున్న వన్నూరమ్మ నవ్వాపుకోలేకపోయింది.

"ఆడపురుగు కూసునేదానికి కాసింత నేల కావాల గదా మేడం! మీరు దుప్పటి కప్పినట్ల కప్పేస్తిరి. గొర్రె మేస్తేనే సందు, సందుంటేనే బొట్టు."

డాక్టరమ్మ మర్నాడే కంచె పీకించింది. ఆ వారంలోనే వన్నూరమ్మను లాబొరేటరీలో పనికి పెట్టుకుంది.

తరవాత మూడేళ్ళు కష్టపడి ఆ వాసనను సీసాలో తయారు చేసింది. దానికి 'పిలుపు' అని పేరు పెట్టుకుంది. ఆడపురుగు వాసన కన్నా వెయ్యింతలు గట్టిది. సోలార్ పలకల అంచు వెంబడి మూడు వందల చోట్ల పెడితే, పడమటి మగవి ఒక్కో చోటు దాటుకుంటూ తూర్పుకు చేరతాయని ఆమె లెక్క. గాజుగొట్టాల్లో దూది ముంచి పెడితే గంటకే ఆరిపోయేది. అప్పుడు వన్నూరమ్మే ఉపాయం చెప్పింది, పచ్చి గొర్రె ఉన్ని వాడమని. ఉన్నిలో జిడ్డుంటుంది, పట్టుకున్నదాన్ని ఒక పట్టాన వదలదు. డాక్టరమ్మ ఆ మాటకు ఎగిరి గంతేసినంత పని చేసి, ఒకటికి పదిసార్లు చెప్పింది. "చేతికి తొడుగులు లేకుండా ముట్టుకోకు. ఇది నూనెలాంటిది, ఒంట్లోకి పోయిందంటే ఎప్పుడు బయటికి వస్తుందో నాకే తెలీదు."

వన్నూరమ్మ తొడుక్కుంది, తొడుక్కోకుండా లేదు. కానీ జిడ్డు ఉన్ని ఆ రబ్బరు తొడుగులకు అంటుకుపోయి, పేనబోతే పేలికలై వచ్చేది. పేనాక ముంచితే వాసన లోపలికి దిగేది కాదు, ముంచాకే పేనాలి. ఉన్ని పేనడం వాళ్ళమ్మ, వాళ్ళవ్వ నేర్పిన విద్య. చీర మోకాలి పైకి జరుపుకుని, ఉన్ని తొడ మీద పెట్టి అరచేత్తో ఒక్క తోపు తోస్తే వత్తి వచ్చి పడాలి. కంబళ్ళు నేసే ఇంట పుట్టిన ఆడది ఇంకో రకంగా పేనుతుందా! డాక్టరమ్మ అటు వెళ్ళగానే తొడుగులు తీసి పక్కన పెట్టింది. ఐదు రోజుల్లో మూడు వందల వత్తులు తొడ మీదే పేనింది. పక్కనే ఉయ్యాల్లో మూడు నెలల సుంకి. ఏడిస్తే చేతులు కడుక్కుని పాలిచ్చేది. చేతులు కడిగితే చాలనుకుంది.

వత్తులు పనిచేశాయి. ఆ ఆషాఢంలో పడమటి మగవి వరసగా పలకల అంచున నడిచొచ్చినట్టే వచ్చి తూర్పు బీడులో దిగాయి. డాక్టరమ్మ ఆనందానికి అంతు లేదు. ఆ రోజుల్లో వన్నూరమ్మ చుట్టూ కూడా ఒకటీ అరా తిరిగాయి గానీ, అందరూ మురిసిపోతున్నప్పుడు అదెవరు పట్టించుకున్నారు?

ఇప్పుడు, మాఘంలో, తలుపేసిన ఇంట్లో కూర్చుని ఆమె తన తొడ వైపు చూసుకుంది.

*

మధ్యాహ్నం గొర్రెల్ని నీళ్ళకు వదిలి మొగుడు గిడ్డయ్య ఇంటికి వచ్చాడు. గిడ్డయ్య ఆమెకు మేనమామ కొడుకు, చిన్నప్పట్నుంచీ మామా అనే పిలుస్తుంది. జరిగింది చెప్పి, చేటలో పోగేసిన పురుగుల్ని చూపించింది. కొన్ని ఇంకా రెక్కలాడిస్తున్నాయి.

"ఇప్పుడు ఆడవి లేవు మామా. ఇవి ఊరికే లేసి ఊరికే సస్తాండాయి. మేడంకి సెప్పాల."

గిడ్డయ్య చాలాసేపు మీసం దువ్వుకున్నాడు. "సెప్తే ఏమయితాది?"

"ఏమయితాది అంటే... తొడుగులు తీసినానని తెలుస్తాది."

"పనిలోంచి తీసేస్తాది. తీసేస్తే తీసేయనీ. ఊరోళ్ళు ఏమంటారు? పాపకేదో గాలి సోకిందంటారు, పురుగులు ముసురుతాండాయంటారు. మన ఇంట్లో నీళ్ళు గూడా తాగరు. కొన్నాళ్ళు సూద్దాంలే మే. నలుగుపిండి పెట్టి నాల్గు తూర్లు పోసుకుంటే పోతాదేమో."

పోలేదు. నలుగుపిండి పెట్టింది, కుంకుడురసం పోసుకుంది, వేపాకు రాసుకుంది, ఒళ్ళు మండేలా బూడిదతో తోముకుంది. పాపకు కూడా ఒళ్ళు ఎర్రబడేలా పోసింది. వెచ్చటి ఒంటికి వాసన ఇంకా ఎక్కువైందో ఏమో, నాలుగోనాటికి పెరట్లో ముప్ఫై బొక్కలు. బీడు వైపు పోతే అక్కడా లేస్తాయని భయం, పోకపోతే డాక్టరమ్మ ఎందుకు రాలేదని అడుగుతుందని భయం. పాపకు జ్వరమని అబద్ధం చెప్పింది. తొమ్మిది రోజులు అలా మొహం చాటేసింది. ఆ తొమ్మిది రోజుల్లో ఎన్ని లేచాయో, ఎన్ని దుమ్ములో రెక్కలు కొట్టుకుని చచ్చాయో! ఆ తొమ్మిది రోజుల తప్పు తనదేనని ఆమె ఆ తరవాత ఏనాడూ ఎవరి మీదా తోయలేదు.

పదో రోజు డాక్టరమ్మే జ్వరం చూడటానికి మందుల సంచితో ఇంటికి వచ్చింది. గుమ్మంలో అడుగు పెట్టి, నేల వైపు చూసి, అలాగే నిలబడిపోయింది. తరవాత చెప్పులు విప్పి, ఆ బొక్కల మధ్య జాగ్రత్తగా అడుగులేస్తూ లోపలికి వచ్చింది. వన్నూరమ్మ చేతిమీద ఒక మగపురుగు వాలి, ఆడదాని కోసం వెతుక్కుంటున్నట్టు గుండ్రంగా తిరుగుతోంది.

"తొడుగులు తీశావా?"

వన్నూరమ్మ తలూపింది.

"తొడ మీద పేనావా?"

"మాకు అట్లనే వచ్చు మేడం."

డాక్టరమ్మ అరుస్తుందనుకుంది. అరవలేదు. గోడకు జారగిలబడి కూర్చుని కళ్ళద్దాలు తీసి చీరకొంగుతో తుడుచుకుంది, మళ్ళీ మళ్ళీ తుడుచుకుంది. "నాకే తట్టి ఉండాల్సింది. ఉన్ని జిడ్డు ఒంటికి రాసుకునే మందుల్లో వేస్తారు, చర్మంలోంచి లోపలికి తీసుకుపోతుందని. నేను నీకు మందు ఇచ్చి, దాన్ని ఒంట్లోకి దింపే జిడ్డు కూడా ఇచ్చాను. అది నీ కొవ్వులో చేరి కూర్చుంది వన్నూరమ్మా. అక్కణ్ణుంచి కొంచెం కొంచెంగా బయటికి వస్తూనే ఉంటుంది."

"పాపకేమన్నా అయితాదా మేడం? అది సెప్పండి ముందు."

"మనిషికి ఏ హానీ లేదు. అది మాత్రం నమ్ము. కానీ పాలల్లో..." డాక్టరమ్మ పాప వైపు చూసి మాట మింగేసింది. పాప తల మీద ఒక పురుగు నిమ్మళంగా కూర్చుని ఉంది.

"ఎన్నాళ్ళుంటాది?"

"పాపకు త్వరగానే పోవచ్చు, పాలు మానితే, ఒళ్ళు పెరిగితే. నీకు ఏడేళ్ళు కావచ్చు, పదేళ్ళు కావచ్చు. తెలీదు. ఇంతవరకూ ఎవరికీ ఇలా కాలేదు."

"అంతవరకూ నేను ఈడ ఉండగూడదు. అంతేనా?"

ఎక్కడ కూర్చుంటే అక్కడ నేలలోంచి మగపురుగులు ఆడవాటి కోసం లేచి వచ్చి చచ్చిపోతుంటే, ఆ నేల మీద ఆమె ఎలా కాపురం చేస్తుంది? గిడ్డయ్య వెంట రాలేడు. గొర్రెలు లేకపోతే గడ్డి పెరుగుతుంది, గడ్డి పెరిగితే బొట్టు లేదు. ఆ మాట చెప్పింది తనే కదా! వన్నూరమ్మకు నవ్వొచ్చింది, ఆ వెంటనే కడుపులోంచి ఏడుపు తన్నుకొచ్చింది. గిడ్డయ్య బయటికి పోయి దొడ్డిగోడ పట్టుకుని నిలబడ్డాడు.

*

డోన్‌లో రైల్వే గేటు అవతల రమీజాబీ ఇంట్లో ఒక గది. గదికి ఒక కిటికీ, ఒక ఫ్యాను. చుట్టూ సిమెంటు రోడ్లు, గడ్డిపరక లేదు. అక్కడ ఆమె ఎంతసేపు కూర్చున్నా ఏ పురుగూ లేవదు. రమీజాబీ మంచిమనిషి, కాకపోతే ప్రశ్నలెక్కువ. మొగుడు వదిలేశాడా, నువ్వే వదిలేశావా, అత్తగారు పెట్టే ఆరళ్ళేంటి? బొట్టుపురుగు కథంతా చెబితే, "అబద్ధమైనా కాస్త అతికేటట్ల చెప్పాల పాపా" అంది.

సోమవారం సోమవారం గిడ్డయ్య బస్సులో వచ్చేవాడు. మాటలు తక్కువ. ఇంత జొన్నపిండి, ఇంత నెయ్యి తెచ్చి పెట్టి, సుంకిని ఒళ్ళో వేసుకుని కూర్చునేవాడు. బీడుకు వాసన మోసుకుపోకుండా, పోయేముందు తలంటుకుని గుడ్డలు మార్చుకునేవాడు. సుంకికి నడక వచ్చింది. మొదటి అడుగు వేసిన రోజు మంగళవారం. గిడ్డయ్యకు మళ్ళీ సోమవారం దాకా చూసే యోగం లేకపోయింది. ఆ వారమంతా వన్నూరమ్మ తిండి సరిగ్గా తినలేదు.

ఇంతలో బీడు సంగతి ముదిరింది. తూర్పు ముక్కను కూడా సోలార్ పలకలకు ఇచ్చేస్తారని వార్త. డాక్టరమ్మ కోర్టుకెక్కింది. కోర్టు ముగ్గురు నిపుణుల్ని వేసి, ఆషాఢంలో మూడు రోజులు బీడులో నిలబడి లెక్కపెట్టమంది. ఒక్క రోజైనా నాలుగు వందల పురుగులు కంటికి కనిపిస్తే అది రక్షిత భూమి. కనిపించకపోతే మామూలు బంజరు. అంతే తీర్పు.

ఆరుద్ర వాన పడింది. లెక్క మొదలైన రోజు సాయంత్రం డాక్టరమ్మ ఫోన్ చేసింది.

"నూట పన్నెండు."

వన్నూరమ్మకు మాఘంలో లేచి పోయినవి గుర్తొచ్చాయి.

రెండో రోజు తొంభై ఎనిమిది. ఆ రోజు డాక్టరమ్మ గొంతు వేరేగా ఉంది. "రేపే ఆఖరు. ఆడవి ఉన్నాయి, బోలెడు. గిడ్డయ్య చూశాడు. నేల కింద మగవి కూడా ఇంకా ఉన్నాయి, వారం రోజుల్లో కొద్దికొద్దిగా లేస్తాయి. కానీ వీళ్ళు వారం ఆగరు. సీసాలో పిలుపు నిరుడే అయిపోయింది. వన్నూరమ్మా, నువ్వొచ్చి బీడు మధ్యలో నిలబడితే అన్నీ లేస్తాయి."

"లేసి నా దగ్గరికొస్తాయి మేడం. ఆడదాని దగ్గరికి పోవు."

"తెలుసు."

"ఇంక గుడ్లుండవు. రెండేండ్లకు పురుగే ఉండదు. పురుగు లేని బీడు ఎందుకు మీకు?"

"బీడే లేకపోతే పురుగెక్కడుంటుందే!" ముప్ఫై ఏళ్ళు పురుగుల్ని చదివిన మనిషి ఫోన్లో చిన్నపిల్లలా ఏడ్చింది. "నాకు తెలీదు. నాకేం తోచట్లేదు. అడగకూడనిది అడిగాను, మర్చిపో."

వన్నూరమ్మ ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని కూర్చుంది. మందను మేపే మనిషికి తోచేది మంద సంగతే. గొర్రెను వెనకనుంచి అదిలిస్తే చెదురుతుంది. ముందు నడిస్తే వెంట వస్తుంది. మంచి గడ్డి దగ్గర కాసేపు ఆగి, అది తల దించి మేతలో పడ్డాక, మెల్లగా తప్పుకోవాలి. కాపరి వెళ్ళిపోయినట్టు దానికి తెలియకూడదు.

"మేడం," అంది. "ఆడవి యాడ కూసున్నాయో మా మామకు ఎరకే. ఒక్కోదాని పక్కన ఒక తెల్లరాయి పెట్టమనండి. రేప్పొద్దున్నే జీపు పంపండి. సుంకిని తేను, రమీజక్క దగ్గర ఇడిసొస్తా."

*

జీపు బీడు అంచున ఆగేసరికి పదకొండు దాటింది. దూరంగా షామియానా కింద ముగ్గురు నిపుణులు, చేతుల్లో లెక్క మిషన్లు. ఇంకా దూరంగా గొర్రెలు, గొర్రెల పక్కన గిడ్డయ్య. దగ్గరికి రావద్దని డాక్టరమ్మ ముందే చెప్పింది. అతని ఒంటికి ఆమె వాసన సోకితే ఇన్నాళ్ళ కష్టం మళ్ళీ మొదటికొస్తుంది.

వన్నూరమ్మ చెప్పులు విప్పి గడ్డిలో అడుగు పెట్టింది. ఐదు నెలల తరవాత ఆ నేల.

మొదటి తెల్లరాయి దగ్గర ఆడది కూర్చుని ఉంది, పసుపు విప్పుకుని. చుట్టూ ఏమీ లేదు. వన్నూరమ్మ దాని పక్కన నిలబడింది. కాసేపటికి నేల మీద మట్టి కదిలింది. ఒకటి, రెండు, పది. తడి రెక్కలు ఎండకు ఆరబెట్టుకుని లేచాయి. పాదాల మీద, చీర కుచ్చిళ్ళ మీద, చేతుల మీద వాలుతున్నాయి. ఆమె కదల్లేదు. మెల్లగా కిందికి వంగి, అరచెయ్యి ఆడదాని పక్కన నేలకు ఆనించింది. చేతి మీద ఉన్న మగది అటూ ఇటూ తిరిగి, పసుపు చూసింది. ఆగింది. చేతి మీద నుంచి దిగింది.

వన్నూరమ్మ ఊపిరి వదిలి, చెయ్యి లాక్కుని, గాలికి ఎదురుగా రెండో రాయి వైపు నడిచింది. కొన్ని ఆగిపోయాయి. ఎక్కువ వెంట వచ్చాయి.

అలా ఎన్ని రాళ్ళని! ఎండ నడినెత్తికి వచ్చింది. దాహంతో నాలుక పిడచకట్టుకుపోయింది. నీళ్ళు తాగడానికి చెయ్యెత్తితే చేతి మీదవి చెదురుతాయని తాగలేదు. వెనక మట్టిలోంచి లేస్తూనే ఉన్నాయి. ప్రతి రాయి దగ్గరా వంగి చెయ్యి ఆనిస్తోంది, కొన్ని దిగుతున్నాయి, కొన్ని దిగటం లేదు. దిగనివాటిని చూసి, 'దిగు తండ్రీ, అదిగో నీ పెండ్లాం, నేను కాదు' అని లోపల లోపలే బతిమాలుతోంది. చుట్టూ బూడిదరంగు రెక్కలు ముసిరి, షామియానా కూడా సరిగ్గా కనిపించడం లేదు. ఒక నిపుణుడి గొంతు మాత్రం వినిపించింది. "మూడు వందల తొంభై... ఆగండి, ఆగండి, అటు చూడండి..."

తరవాత డాక్టరమ్మ కేక వినిపించింది. "నాలుగు వందల ముప్ఫై ఏడు! వన్నూరమ్మా, చాలు! వచ్చెయ్!"

ఇంకా పదకొండు రాళ్ళున్నాయి. ఆమె వినిపించుకోలేదు. పదకొండూ పూర్తి చేసింది.

ఆఖరి రాయి గొర్రెల మందకు దగ్గరగా ఉంది. గిడ్డయ్య అరిస్తే వినిపించేంత దూరంలో నిలబడ్డాడు. తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఏం మే, సన్నబడితివే!"

"నువ్వు లావయితివా!"

"పాప బాగుండాదా?"

"పలుకుతాంది మామా. నాయినా అంటాంది. గొర్రెల్ని ఈ పక్కకి తోలొద్దు నాలుగు దినాలు. తొక్కుతాయి."

"తోల్లే," అన్నాడు గిడ్డయ్య. తలగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. ఒక్క ఇరవై అడుగులు. ఇరవై అడుగులు వేస్తే మనిషిని ముట్టుకోవచ్చు. ఆమె వెనక్కి తిరిగి జీపు వైపు పరిగెత్తింది. పరిగెడితే పురుగులు రాలిపోతాయని, వెనకబడి ఆడవాటిని వెతుక్కుంటాయని.

జీపులో కూర్చుని అద్దాలన్నీ ఎత్తేశారు. బండి కదిలాక చూసుకుంటే పద్నాలుగు మగవి లోపలే ఉండిపోయాయి. జడలో, భుజం మీద, ఒళ్ళో. క్రాస్ రోడ్డు దగ్గర డాక్టరమ్మ బండి ఆపించింది.

"వీటిని ఇక్కడ వదిలేద్దామా? అక్కడికి తీసుకెళ్ళినా నీ చుట్టూ తిరిగి తిరిగి చచ్చేవే కదా."

వన్నూరమ్మ బయటికి చూసింది. పత్తిచేలు, వాటి వెనక కంకర మిల్లు. "ఈడ ఆడది యాడుంది మేడం? మూడు దినాలు గాల్లో ఎతుక్కుంటా తిరుగుతాయి. నన్ను నమ్మి వచ్చినాయి, నా దగ్గరే ఉండనీ."

డాక్టరమ్మ డ్రైవర్‌కు పోనిమ్మని చెయ్యి ఊపింది.

మర్నాడు ఫోన్ వచ్చింది. తెల్లబీడు తూర్పు ముక్క మీద ఇక ఎవరూ చెయ్యి వేయడానికి లేదని. తెల్లరాళ్ళ దగ్గర సగానికి పైగా ఆడవి గుడ్లు పెట్టాయని గిడ్డయ్య చూసి చెప్పాడని. డాక్టరమ్మ నవ్వుతూ ఏడుస్తూ ఏవేవో అంది. ఎప్పటికి తిరిగి రావచ్చని వన్నూరమ్మ అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం డోన్‌లో వాన ముందటి ఉక్క. గదిలో గాలాడటం లేదు. సుంకి చెమటతో తడిసి చిరాకు పడుతుంటే వన్నూరమ్మ తాటాకు విసనకర్రతో మెల్లగా, చాలా మెల్లగా విసురుతోంది. రమీజాబీ తలుపు తోసుకుని రాబోయింది.

"ఇదేం కర్మే తల్లీ! కరెంటు ఉండాది, నెత్తిన ఫ్యాను ఉండాది. ఏసుకోకుండా ఉక్కలో ఈ అగసాట్లేంది?"

వన్నూరమ్మ కూర్చున్న చోటి నుంచి కదలకుండానే, తలుపు మెల్లగా వెయ్యమని సైగ చేసింది.

"ఏసుకోలేనక్కా. ఇంట్లో సుట్టాలుండారు. రేపటికి పోతారు."